సున్నుండల డబ్బా, కేరాఫ్ 56 ఏపీఓ

(ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులోని ఒక కర్మాగారం క్యాంటీన్ హాలులో, తెలుగు సైనిక, మాజీ సైనిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నేను ఇంటర్మీడియట్ వరకే చదివినవాణ్ణి, మిగతా చదువంతా ఫౌజులోనే అయింది. 1990లో భర్తీ అయి, తోపఖానాలో 28 ఏళ్లు చేసి, 2018లో సూబేదారుగా బయటికొచ్చాను. అందులో దాదాపు ఐదేళ్లు మా రెజిమెంటుకు డాక్ ఎన్‌సీఓగా ఉన్నాను. ఇవాళ తోపుల గురించి మాట్లాడమంటారని సిద్ధపడి వచ్చాను. కార్యదర్శి గారేమో, "తోపుల సంగతి మాకు తెలుసు సాబ్, ఇంట్లో ఆడవాళ్లు కట్టి పంపిన పార్సిళ్లు ఎందుకు చేరడంలేదో అది చెప్పండి" అన్నారు. సరే, ఆజ్ఞ.

ముందు ఒక మాట. మనం కూర్చున్న ఈ పార్కుకు ఈశ్వరచంద్ర విద్యాసాగరుల పేరు పెట్టారు. ఆయన పుట్టిన బీర్సింఘా గ్రామం ఈ జిల్లాలోనే ఉంది. మన కందుకూరి వీరేశలింగం పంతులు గారిని దక్షిణ దేశ విద్యాసాగరుడు అన్నారు. కాబట్టి తెలుగువాడు ఈ గేటు లోపలికి వచ్చి నిలబడితే పరాయి చోటికి వచ్చినట్టు నాకైతే అనిపించదు. ఇక మన ఖరగ్‌పూర్ సంగతి మీకు చెప్పేదేముంది. బీఎన్ఆర్ రైల్వే వర్క్‌షాపు రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు ఇక్కడికి వచ్చారు. మధురాకటి, నింపురా లైన్లలో పుట్టి పెరిగిన పిల్లలు కొందరు రైల్వేలోకి, కొందరు ఫౌజులోకి పోయారు. రైల్వే వాళ్ల పిల్లలం కాబట్టి సామాను ఎక్కడ వేస్తే ఎక్కడ తేలుతుందో మనకు తెలుసునని మన ధీమా. ఆ ధీమాయే కొంప ముంచుతుంది.

నేను చూసినంతలో చెబుతున్నాను. పార్సిలు కొండల్లోనూ, మంచులోనూ పాడయ్యేది తక్కువ. ఎక్కువ భాగం మన ఇంటి వరండాలోనే, దబ్బనంతో గుడ్డ కుట్టి పెన్ను చేతిలోకి తీసుకున్నప్పుడే పాడవుతుంది.

అసలు మన డాకు ఎలా పోతుందో కొందరు జవాన్లకే తెలియదు. మనం ఇక్కడి పోస్టాఫీసులో ఇచ్చిన పార్సిలు సార్టింగులో పడుతుంది. దాని మీద 56 ఏపీఓ అని ఉంటే ఢిల్లీలో ఉన్న ఒకటో సెంట్రల్ బేస్ పోస్టాఫీసుకు, 99 ఏపీఓ అని ఉంటే కలకత్తాలో ఉన్న రెండో సెంట్రల్ బేస్ పోస్టాఫీసుకు పోతుంది. అక్కడి వరకు సివిల్ పోస్టు. అక్కడి నుంచి మన ఆర్మీ పోస్టల్ సర్వీస్. ఏ యూనిట్ ఇవాళ ఎక్కడ ఉందో ఆ బేస్ ఆఫీసుకు తెలుస్తుంది. యూనిట్ కదిలితే దాని డాకు సంచీ కూడా దాని వెంట కదులుతుంది. సంచీ ఫీల్డ్ పోస్టాఫీసుకు వస్తుంది, అక్కడ యూనిట్ డాక్ ఎన్‌సీఓ సంతకం పెట్టి తీసుకుంటాడు, బ్యాటరీలవారీగా, కంపెనీలవారీగా విడదీస్తాడు, ఆ పైన కన్వాయ్ బండి మీద, కంచరగాడిద మీద, పోర్టరు వీపు మీద, హెలికాప్టరులో, ఏది దొరికితే దానిమీద పోస్టు దాకా పోతుంది.

ఈ ఏర్పాటు ఇప్పటిది కాదు. 1856లో పర్షియా మీదికి పోయిన దండయాత్రలో బుషైర్ దగ్గర తెరిచిన ఫీల్డ్ పోస్టాఫీసుతో మొదలు. తరువాత చాలాకాలం ఆర్మీ సర్వీస్ కోర్ కింద ఉండి, 1972 మార్చి 1న ఆర్మీ పోస్టల్ సర్వీస్ విడిగా ఒక కోర్ అయింది. ఆ కోర్ నినాదం 'మేల్ మిలాప్'. ఇంగ్లీషు మెయిలు, హిందీ మేలు రెండూ అందులో ఉన్నాయని మా ఫీల్డ్ పోస్టాఫీసు హవల్దారు ఒకాయన నవ్వుతూ చెప్పేవాడు. అదే సంవత్సరం ఆగస్టు 15న దేశానికంతకూ పిన్ కోడ్ వచ్చింది. తొమ్మిది మండలాల్లో ఎనిమిది మామూలు జనానికి, తొమ్మిదోది మనకు. అందుకే ఫౌజు పిన్ 9తో మొదలవుతుంది. ఒకప్పుడు అందరం 900056 అనో 900099 అనో రాసేవాళ్లం. తరువాత యూనిట్లకు విడివిడిగా పిన్‌లు ఇచ్చారు. అబ్బాయి దగ్గర ఆ పిన్ అడిగి రాసుకోండి. పాత ఉత్తరం మీద ఉన్నదే చూసి ఎక్కించకండి.

అడ్రసులో ఉండవలసినవి నంబరు, ర్యాంకు, పేరు, బ్యాటరీ లేక కంపెనీ, యూనిట్, పిన్, కేరాఫ్ 56 ఏపీఓ. అంతే. ఇంకొక్క అక్షరం అక్కరలేదు. కాని మన వాళ్ల మనసు ఊరుకోదు. '56 ఏపీఓ అంటే ఏ ఊరో ఏమిటో, పాపం పోస్టు మాస్టరుకు తెలియదేమో' అని జాలిపడి కింద 'ద్రాస్, కార్గిల్ దగ్గర, జమ్మూ కాశ్మీర్' అని కలుపుతారు. ఒకరైతే 'గుడి పక్క బంకరు' అని కూడా రాశారు, నేను కళ్లారా చూశాను. అందులో నష్టం రెండు విధాలు. యూనిట్ ఎక్కడుందో దారిపొడుగునా అందరికీ చాటడం ఒకటి. సార్టింగు చేసే అతను ఊరి పేరు చూసి ఢిల్లీ బేస్‌కు వేయకుండా సివిల్ డాకులో ఆ ఊరికే వేసేయడం రెండోది. ఆ ఊరి పోస్టుమాన్ ఫౌజు మనిషిని ఎక్కడని వెతుకుతాడు? ఈలోగా యూనిట్ వేరే సెక్టారుకు వెళ్లిపోతుంది. పార్సిలు మాత్రం ఆ ఊళ్లో చలికాలం గడుపుతుంది.

ఇక నంబరు. మా బ్యాటరీలో ఒకే సమయంలో ముగ్గురు అప్పారావులు ఉండేవాళ్లు. ఇద్దరిది ఒకే ఇంటిపేరు. నంబరు రాయకుండా 'అప్పారావు, గన్నర్' అని వచ్చిన డబ్బాను ముగ్గురి ముందూ పెట్టి విప్పవలసి వచ్చేది. లోపల చీటీలో 'చిన్నోడికి అమ్మ రాయునది' అని ఉండేది. ముగ్గురూ వాళ్ల వాళ్ల ఇళ్లలో చిన్నోళ్లే. చివరికి అరిసెల రుచి చూసి ఇది మా అమ్మ చేతిదే అని ఒకడు తేల్చాడు. నువ్వులు ఎక్కువ పడ్డాయట. నవ్వకండి, మేం దాన్నే సాక్ష్యంగా ఒప్పుకున్నాం.

అడ్రసు తెలుగులో రాసేవాళ్లకు దండం. మన భాష మీద నాకూ ప్రేమే. కాని ఢిల్లీలో సంచులు కట్టే పంజాబీ అతనికి ఆ అక్షరాలు జిలేబీ చుట్టల్లా కనిపిస్తాయి. పైన ఇంగ్లీషులోనో హిందీలోనో పెద్ద అక్షరాలతో రాసి, తెలుగు చీటీ లోపల పెట్టండి. ఆ లోపలి చీటీలో మళ్లీ మొత్తం అడ్రసు, మీ అడ్రసు రెండూ రాయండి. గుడ్డ మీది సిరా ఆవకాయ నూనెకు కరిగిపోయినా లోపలి చీటీ మిగులుతుంది. దాన్ని కూడా ప్లాస్టిక్ కవరులో పెట్టాలని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

ఆవకాయ మాట వచ్చింది కాబట్టి కాసేపు అక్కడ ఆగుతాను. ఫౌజులో తెలుగువాడి పార్సిలు అంటే ఆవకాయే కదా. సీసాలో పంపితే పగిలిపోతుందని అందరికీ తెలుసు. అందుకని ఈ రోజుల్లో ప్లాస్టిక్ ప్యాకెట్టులో గట్టిగా సీలు వేయించి పంపుతున్నారు. సీలు బాగానే ఉంటుంది. కాని లేహ్ 11,500 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి గాలి ఒత్తిడి మన ఖరగ్‌పూర్‌లో ఉన్నదానికి మూడింట రెండొంతులే. సియాచిన్ మీద 18,000 అడుగుల పోస్టుల్లో సగమే. ఇక్కడ మూసిన ప్యాకెట్టు లోపలి గాలి అక్కడికి పోయేసరికి ఉబ్బుతుంది. ప్యాకెట్టు బూరెలా పొంగుతుంది, కుట్టులో బలం లేని చోట పగులుతుంది. ఆ పక్కనే ఎవరిదో స్వెట్టరు ఉంటుంది, ఇంకెవరిదో పెళ్లి ఫోటో ఉంటుంది. ఒకసారి మా సంచీలో ఒక గూర్ఖా కుర్రాడికి వచ్చిన పెళ్లి ఆల్బం మొత్తం మన గుంటూరు కారంతో ఎర్రబడింది. మా తెలుగువాళ్లం ముగ్గురం వెళ్లి అతనికి క్షమాపణ చెప్పుకున్నాం. అతను ఒక వేలు నాకి చూసి, "అచ్ఛా హై, ఔర్ హై క్యా?" అన్నాడు. ఆ రోజు నుంచి అతను మా లంగరు వరుసలో మా పక్కనే.

కాబట్టి పచ్చడి పంపేవాళ్లు నూనె తగ్గించి, గాలి బాగా పిండేసి, రెండు కవర్లలో వేసి, మూత తిప్పే స్టీలు డబ్బాలో పెట్టి, చుట్టూ పాత గుడ్డ కుక్కండి. మూత చుట్టూ టేపు వేయండి. కందిపొడి, కారప్పొడి, ఊరమిరపకాయలు, చింతపండు ఉండలు అయితే అంత బాధ లేదు. సున్నుండలు ఎండాకాలంలో నెయ్యి కారతాయి, వానాకాలంలో బూజు పడతాయి. డిసెంబరు, జనవరిలో రాయిలా అవుతాయి గాని పాడుకావు. సియాచిన్‌లో నారింజపండు క్రికెట్ బంతిలా గట్టిపడుతుంది, కోడిగుడ్డు నేలకేసి కొట్టినా పగలదు, మీరు వినే ఉంటారు. సున్నుండను మేం బుఖారీ మీద పెట్టి మెత్తబరుచుకునేవాళ్లం. బుఖారీకి కిరోసిన్ కావాలి కదా, కిరోసిన్ డబ్బాలూ, డాకు సంచీ ఒకే పోర్టరు వీపు మీద వస్తాయి. అరిసెలకు ఆ వాసన పట్టిందంటే వారం దాకా పోదు. అయినా తిన్నాం. పారేసిన వాణ్ణి నేను ఒక్కణ్ణి చూడలేదు.

ఆలస్యం గురించి అడుగుతారు. ఉత్తరం వారంలో వస్తే పార్సిలు నెల ఎందుకు పడుతుంది అని. ఉత్తరం తేలిక, విమానంలో చోటు సులువుగా దొరుకుతుంది. పార్సిలు రైలు మీద, బండి మీద పోతుంది. శ్రీనగర్ నుంచి పోయే దారిలో జోజీలా కనుమ మంచు పడి మూసుకుపోయేది. ఒకప్పుడు నవంబరు, డిసెంబరుల నుంచి ఏప్రిల్, మే దాకా అంతే. ఇటీవలి సంవత్సరాల్లో మూసి ఉండే రోజులు బాగా తగ్గాయి. దారి మూస్తే చండీగఢ్ నుంచి వాయుసేన విమానమే దిక్కు. అందులో మందులు, రేషను, మనుషులు ఎక్కిన తరువాతే మన అరిసెలు. ఇక్కడున్న వాయుసేన సోదరులకు ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు. సంక్రాంతికి అందాలంటే దసరా వెళ్లిన వెంటనే కట్టాలి. 99 ఏపీఓ అయితే కలకత్తా మనకు దగ్గరే కదా, లోకల్ రైలెక్కితే చేరిపోతాం కదా అనుకుంటారు. పార్సిలు కలకత్తాలో ఉండిపోదు, అక్కడి నుంచి అరుణాచల్ కొండలెక్కాలి.

పంపకూడనివి కూడా చెప్పాలి. దీపావళికి కాకరపువ్వొత్తులు, అగ్గిపెట్టెలు, లైటర్లు, సెంటు సీసాలు పెట్టకండి. ఒక తండ్రి ముచ్చటపడి పెట్టిన కాకరపువ్వొత్తుల వల్ల మొత్తం పార్సిలు ఆగిపోయింది. అందులోనే కొడుకు అడిగిన కళ్లజోడు కూడా ఉంది. కళ్లజోడు లేక ఆ కుర్రాడు రెండు నెలలు కష్టపడ్డాడు. ఇప్పుడు పవర్ బ్యాంకులు కూడా అంతే, లిథియం బ్యాటరీ విమానానికి ప్రమాదం.

డబ్బు అసలే పెట్టకండి. 2016 అక్టోబరులో మా రెజిమెంటులో ఒక కుర్రాడికి వాళ్ల నానమ్మ సున్నుండలు పంపింది. నాలుగు ఉండల్లో ఒక్కో ఐదువందల నోటు మడిచి, చిన్న ప్లాస్టిక్ కాగితం చుట్టి, లోపల పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. మంచు వల్ల ఆ డబ్బా జనవరి రెండో వారంలో వచ్చింది. ఫౌజు పద్ధతి మీకు తెలుసు, డబ్బా విప్పితే అది బ్యారక్ అందరిదీ. ఒక హర్యానా సిపాయి కొరికితే నోటు వచ్చింది. అందరూ హడావిడిగా మిగతా ఉండలు విరిచారు. నాలుగు నోట్లూ దొరికాయి. నవంబరు 8నే ఆ నోట్లు రద్దయ్యాయి, బ్యాంకులు తీసుకునే గడువు డిసెంబరు 30తో అయిపోయింది. పింఛనులోంచి నానమ్మ దాచిన రెండు వేలు. అతను ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. బూట్లు కొనుక్కున్నానని ఫోనులో చెప్పాడు.

ఇంటికి అబద్ధం చెప్పడం మనందరికీ అలవాటే. 'చేరింది అమ్మా, చాలా బాగుంది' అంటాం, చేరకపోయినా. అమ్మ సంతోషపడి మళ్లీ అదే అడ్రసుకు ఇంకో డబ్బా పంపుతుంది. సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు నా మనవి, చేరకపోతే చేరలేదనే చెప్పండి. రసీదు నంబరు తెప్పించుకుని డాక్ ఎన్‌సీఓకు ఇవ్వండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు గాని, పోస్టాఫీసు రసీదు మీద నంబరు ఇప్పటికీ ఉంటుంది. దానితో ఎక్కడిదాకా వచ్చిందో కొంతవరకైనా తెలుస్తుంది.

సామాను దారిలో పోవడం మన ఒక్కరి దేశంలో జరిగేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 క్రిస్మస్‌కు ఇంగ్లండు యువరాణి మేరీ పేరుతో సైనికులందరికీ ఇత్తడి డబ్బా ఒకటి పంపారు. మామూలుగా అందులో పొగాకు, సిగరెట్లు. మన సిక్కు సైనికులకు సిగరెట్లు పనికిరావని పటికబెల్లం, మసాలా దినుసులు పెట్టారు. ఎవరికి ఏది సరిపడుతుందో ఆలోచించారు, ఒప్పుకోవాలి. కాని అందరికీ ఆ క్రిస్మస్‌కు అందలేదు. ఇంకా డబ్బాలు చేయడానికి అమెరికా నుంచి వస్తున్న ఇత్తడి చాలా భాగం 1915 మే నెలలో లూసిటానియా ఓడతోపాటు సముద్రంలో మునిగిపోయింది. పంపిణీ యుద్ధం అయిపోయాక కూడా సాగింది. రాజుగారి ఇంటి పార్సిలుకే అంత ఆలస్యం అయితే మన మధురాకటి పార్సిలు ఎంత!

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను. ఇది నవ్వే సంగతి కాదు. సంబంధించిన మనిషి ఈ హాలులోనే ఉన్నాడు. చెప్పుకో గాని పేరు మాత్రం చెప్పొద్దు అన్నాడు.

1999 ఎండాకాలం. మా రెజిమెంటు ద్రాస్ వైపు ఉంది. నేను అప్పుడు గన్ను మీద ఉన్నాను, డాకు పని నాకు తరువాత వచ్చింది. ఇతను మా బ్యాటరీయే, మా లైనుకు పక్క లైను రైల్వే క్వార్టర్ల కుర్రాడే. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. జూలై మొదటి వారంలో ఒక షెల్లు పడి ఇతని కుడిచేతికీ, భుజానికీ స్ప్లింటర్లు తగిలాయి. శ్రీనగర్‌కు, అక్కడి నుంచి చండీమందిర్ కమాండ్ హాస్పిటల్‌కు పంపించారు. ఇంటికి టెలిగ్రాం పోయింది. కాని ఆ ఏడు తండ్రికి ప్రమోషను వచ్చి క్వార్టరు మారారు. మారిన అడ్రసు రికార్డుల్లోకి ఎక్కలేదు. పార్ట్ టూ ఆర్డరు వేయించుకుందాం, వచ్చే నెల చూద్దాం అని కుర్రాడు అనుకుంటూనే ఉన్నాడు. టెలిగ్రాం పాత క్వార్టరుకు పోయింది, అందులోకి కొత్తగా వచ్చినవాళ్లు సెలవుల్లో ఊరెళ్లారు, తాళం.

తల్లి జూన్‌లో పంపిన సున్నుండల పార్సిలు అతను గాయపడిన తరువాత చేరింది. మనిషి లేడు. ఎవరో దాని మీద ఎర్ర సిరాతో ఇంగ్లీషులో 'లెఫ్ట్' అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. ఎవరు రాశారు, ఏ ఆఫీసులో రాశారు అన్నది ఇప్పుడు తవ్వను. పోవడానికి నెల పట్టిన పార్సిలు రావడానికి మాత్రం పదిహేను రోజుల్లో వచ్చేసింది.

ఆ రోజుల్లో టీవీలో రోజూ జెండా కప్పిన పెట్టెలు చూపిస్తున్నారు. దేశం మొత్తం చూసింది. ఆ ఇంట్లో తల్లి ఒక్కతే ఉంది. పోస్టుమాన్ బెంగాలీ అతను, పార్సిలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆమె తన కుట్టు తానే గుర్తుపట్టింది. పక్కింటి కుర్రాణ్ణి పిలిచి, "ఏటి రాసినారు బావూ?" అని అడిగింది. ఏడో తరగతి చదివే పిల్లాడు, కూడబలుక్కుని చదివి, "వెళ్లిపోయాడు అని రాశారు పిన్నీ" అన్నాడు.

మన భాషలో వెళ్లిపోయాడు అంటే ఏమిటో నేను చెప్పాలా?

లైను లైనంతా ఆ ఇంటి ముందుకు వచ్చింది. తండ్రిని వర్క్‌షాపు నుంచి తీసుకొచ్చారు. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు, జమ్మూ కాశ్మీరులో సెల్‌ఫోను 2003లో గాని రాలేదు. యూనిట్‌కు ఫోను చేయడం మన చేతుల్లో లేని పని. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఒక పెద్దాయన మాత్రం, "ఫౌజు వాళ్లు మనిషి పోతే సున్నుండలతో కబురు పంపరు, ఆఫీసరే వస్తాడు, ఆగండి" అన్నాడట. రిటైరైన గార్డు ఆయన. తండ్రిని రైల్వే టెలిఫోను ఎక్స్ఛేంజీకి తీసుకెళ్లాడు. రైల్వే లైన్ల మీద ఒక స్టేషను తరువాత ఒక స్టేషను పట్టుకుంటూ ఉత్తరాదికి అడిగారు. రాత్రంతా అడిగారు. తెల్లారేసరికి చండీగఢ్ స్టేషనులో డ్యూటీలో ఉన్న ఒక గుమాస్తా దొరికాడు. తెలుగువాడు కాదు, మన వాళ్లకు ఏ సంబంధమూ లేదు. కార్గిల్ నుంచి వచ్చిన గాయపడ్డవాళ్లు చాలామంది చండీమందిర్ ఆసుపత్రిలో ఉన్నారని అతనికి తెలుసు. నంబరు, పేరు రాసుకుని డ్యూటీ దిగగానే తన స్కూటరు మీద అక్కడికి వెళ్లాడు. వార్డులో మనిషిని చూశాడు, మాట్లాడాడు, తిరిగొచ్చి ఫోను చేశాడు. 'కట్టు కుడిచేతికి, ఎడమచేత్తో టీ తాగుతున్నాడు' అని చెప్పాడు. ఎడమచేత్తో టీ తాగుతున్నాడు అన్న ఆ ముక్కతో తల్లి నమ్మింది. బతికే ఉన్నాడు అంటే నమ్మలేదు.

ఆసుపత్రిలో వేరే జవాను చేత రాయించిన ఉత్తరం మర్నాడే వచ్చింది. రైల్వే గుమాస్తా పేరు ఎవరూ రాసిపెట్టుకోలేదు, ఆ బాధ ఆ ఇంట్లో ఇప్పటికీ ఉంది.

ఆ పార్సిలును ఆమె రెండు రోజులు విప్పలేదు, దేవుడి పటం ముందు పెట్టింది. తరువాత విప్పితే సున్నుండలన్నీ బూజు. పై పొర గీకి ఒకటి నోట్లో వేసుకుందట, ఎవరు వద్దన్నా వినలేదు.

నేను డాక్ ఎన్‌సీఓ అయినప్పుడు అతనే నా దగ్గరికి వచ్చి ఇదంతా చెప్పాడు. "అన్నా, ఆ ఒక్క మాట ఎవరి పార్సిలు మీదా రాయకు" అన్నాడు. నా ఐదేళ్లలో ఆ మాట మా యూనిట్ నుంచి పోలేదు. మనిషి ఆసుపత్రిలో ఉంటే 'ఆసుపత్రికి పంపడమైనది, క్షేమం' అని పూర్తిగా రాసి, ఆసుపత్రి అడ్రసుకు తిప్పేవాణ్ణి. కోర్సుకు పోతే కోర్సు అడ్రసు, పోస్టింగు అయితే కొత్త యూనిట్. వెనక్కి పంపడం ఆఖరి మార్గం. ఇక్కడ డాకు చూసే తమ్ముళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. మీకు పని ఎక్కువ, సంచీలు ఎక్కువ, చలికి వేళ్లు వంగవు, ఒక్క మాటతో తేల్చేయాలనిపిస్తుంది. నాకు తెలుసు. అయినా రెండు ముక్కలు ఎక్కువ రాయండి.

నిజంగానే మనిషి లేనప్పుడు ఏం చేశారు అని మీరు అడగరు గాని, మీ మనసులో ఉంటుంది. మనిషి పోయాక కూడా నెల, నెలన్నర దాకా అతని పేరు మీద పార్సిళ్లు వస్తూనే ఉంటాయి. కట్టి పంపినప్పుడు వాళ్లకు తెలియదు. మా కమాండింగ్ ఆఫీసరు ఒకరు గట్టి ఆజ్ఞ పెట్టారు. అలాంటివి డాకులో తిప్పి పంపకూడదు. అతని వస్తువుల పట్టీలో రాసి, ఇంటికి వెళ్లే మనిషి చేతికే ఇవ్వాలి, విప్పకుండా. నేను అలా ఒకటి తీసుకుని ప్రకాశం జిల్లాలో ఒక ఊరికి వెళ్లాను. ఆ ఇంటి గురించి ఇక్కడ మాట్లాడను.

ఇక ఈ పార్కు సంగతి. టాటా హిటాచీ వంటి పెద్ద కర్మాగారాలు వచ్చాక ఇక్కడ గేట్ల దగ్గర, స్టోర్ల దగ్గర మన మాజీ సైనికులు చాలామంది ఉన్నారు. నేనూ ఒక గేటు దగ్గరే ఉన్నాను. కాంట్రాక్టు మీద పనిచేసే మన తెలుగు కార్మికుల పిల్లలు కొందరు కొత్తగా ఫౌజులోకి పోయారు, అగ్నివీరులుగా కూడా. ఆ తల్లిదండ్రులు అద్దె గదుల్లో ఉంటారు, ఆరునెలలకో గది మారుతుంది. అందుకని పార్సిలు వెనకవైపు పంపేవారి అడ్రసు దగ్గర కంపెనీ పేరు, 'విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్, ఖరగ్‌పూర్' అని రాస్తారు. ప్లాటు నంబరు ఉండదు, ఫోను నంబరు ఉండదు. కాంట్రాక్టు అయిపోతుంది, మనిషి వేరే ఊరు పోతాడు. పార్సిలు తిరిగి వస్తే గేటు గదిలో పడి ఉంటుంది. పోయిన చలికాలం మా గది మూలలో ఒకటి ఇరవై రోజులు ఉంది. చీమలు పట్టాక తెలిసింది అందులో బెల్లం ఉందని. గుడ్డ మీద పేరు పట్టుకుని, పాత మస్టరు రోలు చూసి, ఆ మనిషి పలాసలో ఉన్నాడని కనుక్కుని ఫోను చేశాం. వాళ్ల అబ్బాయి అక్టోబరులోనే వేరే యూనిట్‌కు మారాడు, క్షేమం. ఆ తండ్రి అడిగిన మొదటి మాట, "ఎందుకు తిరిగొచ్చింది సార్?" అని. గొంతు వణికింది. 1999 నాటి ఆ తల్లి ప్రశ్నే అది.

ఇప్పుడు వీడియో కాల్ ఉంది కదా, కొండ మీద కూడా కొన్నిచోట్ల సిగ్నలు వస్తోంది కదా, ఇంకా ఈ డబ్బాలు ఎందుకండీ అని ఒక యువకుడు నన్ను అడిగాడు. అతను ఇంకా ఇల్లు విడిచి ఆరు నెలలు ఎక్కడా ఉండలేదు, అంతే.

మన సంఘం తరఫున కమిటీ వారితో మాట్లాడాను, వారు ఒప్పుకున్నారు. ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఈ క్యాంటీన్ హాలులోనే ఒక బల్ల వేస్తాం. దబ్బనం, పురికొస, గాడా గుడ్డ, లక్క, మార్కరు పెన్ను మేం తెస్తాం. మీరు డబ్బా, అబ్బాయి నంబరు, ర్యాంకు, యూనిట్, పిన్ తీసుకురండి. పిన్ తెలియకపోతే ముందు రోజు ఫోను చేసి అడగండి, మేం ఊహించి రాయం. పంపేవారి అడ్రసు స్థిరంగా లేనివాళ్లకు సంఘం కార్యదర్శి గారి అడ్రసు, ఫోను వాడుకోవచ్చు, తిరిగొస్తే మేం మీ దాకా తెస్తాం, ఎందుకు తిరిగొచ్చిందో కనుక్కుని మరీ తెస్తాం. సంక్రాంతికి పంపేవాళ్లు ఈ నెలలోనే రావాలి. అరిసెలు రెండు ఎక్కువ చేయండి, కుట్టేవాళ్లం కూడా మనుషులమే.

జైహింద్.